పొల్లుపడిన అక్షరములు

బాగేపల్లి సీమయందలి పాతపాళ్యలో అంగళ్ల మీది పలకలు కన్నడమున నుండును. ఆ అంగళ్ల ముందర నిలిచి బేరమాడువారి మాట తెనుగు. బడిలో కన్నడము దిద్దివచ్చిన పిల్లవాడు ఇంటికి చేరి అవ్వచేత తెనుగున కథలు చెప్పించుకొనును. చింతామణి తాలూకా కైవారములో జనులు తాతయ్య యని కొలుచు యోగి నారేయణులు ఈ రెండు భాషలయందును కీర్తనలు కట్టినదియు ఈ నేల మీదనే. లిపులు రెండును ఒక్క తల్లి బిడ్డలు. తలకట్టు దగ్గర మాత్రమే పోలిక యించుక తప్పును. రక్తపోటును గూర్చి వ్రాయబూనిన అధ్యాయమున లిపి ప్రస్తావనమేల యని పాఠకులు శంకింపవచ్చును గాని, నేను చెప్పబోవు శాస్త్రవిషయమంతయు అక్షరమునకును, అక్షరము నెత్తిన పడు గుర్తునకును గల సంబంధమును బోలినదే యగుటచేత, దానిని ముందుగనే యెత్తుకొంటిని.

ఈ పల్లెలలో ఆరోగ్య కేంద్రపు నర్సమ్మ అరుగు మీద కూర్చుండి, ముసలమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి నింపి, అంకెను చూచి, “నూటడెబ్బై ఉంది అవ్వా, ఉప్పు తగ్గించమంటిని కదా” అని మందలించినప్పుడు వినవచ్చు సమాధానము ఇంచుమించు ఎల్లయెడల నొక్కటియే: “ఏం జేసేది పాపా, మా వంశంలోనే ఉంది. మా యమ్మకీ ఉన్నింది, నాకూ వచ్చింది, ఇబుడు మావాడికీ వచ్చింది.” ఈ మాటలో నేరము మోపుటయు లేదు, విచారమును లేదు; ఈ యేడు వాన రాలేదని చెప్పినట్లే చెప్పును. చదువుకొన్నవారు దీనిని అజ్ఞానమని తోసివేయుదురు. నాకు మాత్రము ఆ ముసలమ్మ వాడిన వంశమను పదము తోసివేయదగినదిగ తోపదు. ఏలయన తల్లి బీజము, తల్లి గర్భము, తల్లి వంటయిల్లు అను మూడును అందులో చిక్కుపడియున్నవి. బీజమును గూర్చి గత శతాబ్దమంతయు శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. వంటయింటిని గూర్చి ప్రతి డాక్టరును హెచ్చరించుచునే యున్నాడు. నడుమనున్న గర్భమును గూర్చి, అందు శిశువు శరీరముపై పడు సూక్ష్మమైన గుర్తులను గూర్చి గట్టిగా విచారణ మొదలై ఇంచుమించు నలువదేండ్లే యైనది.

రక్తపోటును తొలుత కొలిచినది మనుష్యునియందు గాదు, గుర్రమునందు. ఆంగ్లదేశమున స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు గుర్రపు ధమనిలో గొట్టము గ్రుచ్చి, నెత్తురు ఎనిమిదడుగులకు పైగా ఎగబ్రాకుట చూచి, ఆ వృత్తాంతమును 1733లో ప్రకటించెను. చేతికి పట్టీ చుట్టి పాదరసముతో కొలుచు ఉపాయము 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి కల్పించినది. పట్టీ క్రింది ధ్వనిని చెవితో విని పై అంకెను, క్రింది అంకెను వేరుచేయుట 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొట్కాఫ్ నేర్పినది. నేడు పై అంకె 140, క్రింది అంకె 90 చేరినచో వ్యాధి యని గీత గీచినారు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త సర్వేక్షణము ప్రకారము మన వయోజనులలో నూటికి 35.5 మంది ఆ గీత కావలివారే.

ఈ పోటును దీర్ఘకాలము శాసించునది గుండె యని లోకులనుకొందురు; నిజమునకు ఆ యధికారము చాలవరకు మూత్రపిండములది. చెరువు క్రింది ఆయకట్టునకు తూమెంత తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో నిర్ణయించు నీరుగంటిని ఈ సీమలోని పెద్దలు ఎరుగుదురు. శరీరమున ఆ కొలువు మూత్రపిండము చేయుచున్నది. నెత్తురులోని ఉప్పును ఎంత నిలుపవలెను, ఎంత విడువవలెను అను తీర్పు దానిది. ఉప్పు నిలిచిన చోట నీరు నిలుచును, నీరు నిలిచినకొలది నాళములలో పోటు హెచ్చును. నీరుగంటి బుద్ధి ఏ కారణముననైనను కొంచెము మందగించి, వలసినదాని కంటె ఉప్పును పట్టియుంచ మొదలిడెనా, ఆ తప్పు ఏండ్ల తరబడి పైకి తెలియకయే సాగును.

ఆ బుద్ధి జన్యువులలోనే వ్రాయబడియున్నదా? కవలలను, కుటుంబములను పోల్చిచూచినవారు రక్తపోటులోని తారతమ్యమున మూడవ వంతు మొదలు సగము వరకు వంశపారంపర్యమని లెక్కగట్టిరి. అంత పాలు బీజములో నున్నచో అది కంటబడవలెను గదా యని వెదకగా, 2018 నాటికి పదిలక్షలకు మించిన జనుల జన్యులిపిని పరీక్షించి, 535 క్రొత్త తావులను కనుగొని, వెనుకటివానితో కలిపి 901 తావులు రక్తపోటుతో సంబంధము గలవని తేల్చిరి. ఇన్ని దొరకినను, ఒక్కొక్కదాని ప్రభావము ఆవగింజంత. అన్నిటిని కుప్పబోసినను వంశపారంపర్యమని లెక్కించినదానిలో పెద్దభాగము ఇంకను జమకు రాలేదు. లెక్క తప్పిన చోటనే కొందరు శాస్త్రజ్ఞులు అక్షరములను విడిచి అక్షరముల మీది గుర్తులను చూడసాగిరి.

శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్లు తోలు రైతు ప్రతి పంటకును చూచు వింత యొకటి కలదు. మల్బరీ యాకును రేయింబవళ్లు కొరుకు పురుగును, గూటిలో కదలక మెదలక నుండు ప్యూపాయు, గూడు చీల్చుకొని వెలువడి, ఏమియు తినకయే గ్రుడ్లు పెట్టి రాలిపోవు చిలుకయు ఒక్కటే ప్రాణి. దాని కణములలోని జన్యులిపి ఆ మూడు దశలలోను ఒక్కటే. ఏ పుటను ఎప్పుడు చదువవలెను, దేనిని మూసియుంచవలెను అను నిర్ణయము మాత్రమే దశ దశకును మారుచున్నది. మన దేహమందును అంతే: మూత్రపిండపు కణమును, కంటిలోని కణమును ఒకే గ్రంథమును ధరించియుండియు వేర్వేరు అధ్యాయములను చదువుచున్నవి. లిపి మారకుండ దాని పఠనము మారు ఈ వ్యవహారమునకు 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఎపిజెనెటిక్స్ అని పేరిడెను. మనము దీనిని ఉపరిజన్యు శాస్త్రమందము. జన్యువునకు పైన జరుగు కథ గనుక.

ఆ గుర్తులలో ప్రధానమైనదానిని తెలుపుటకు నాకు తెనుగు లిపి కంటె మంచి దృష్టాంతము దొరకలేదు. ‘న’ అను అక్షరమునకు పొల్లు పెట్టినచో ‘న్’ అగును. అక్షరము చెరిగిపోలేదు, తావు మారలేదు. దాని అచ్చు మాత్రము అణగిపోయినది. డి.ఎన్.ఎ. లోని సైటొసీన్ అను అక్షరమునకు ఒక కర్బన పరమాణువును మూడు ఉదజని పరమాణువులును గల మిథైల్ గుంపు వచ్చి తగులుకొన్నప్పుడు జరుగునదియు ఇట్టిదే. జన్యువునకు ముందుండు ఆజ్ఞాస్థానమున ఇట్టి పొల్లులు దట్టముగ పడెనేని ఆ జన్యువు గొంతు తగ్గును. తొలగిపోయెనేని పలుకుట హెచ్చును. పడవలసిన చోట పడకుండుటయు, పడరాని చోట పడుటయు రెండును దోషములే. మరియొక విధమైన గుర్తు హిస్టోనులను మాంసకృత్తులకు సంబంధించినది. ఒక్కొక్క కణములో రెండు మీటర్ల పొడవున్న డి.ఎన్.ఎ. ఆ మాంసకృత్తుల ఉండల చుట్టు, కండెకు నూలు చుట్టినట్లు చుట్టుకొనియుండును. ఎసిటైల్ మొదలగు గుంపులు వానికి తగులుటను బట్టి ఆ చుట్టలు వదులగుటయో బిగియుటయో జరుగును; చుట్ట వదులైనచో జన్యువు పలుకును. జన్యువుల మాటను నడుమనే త్రుంచివేయు చిన్న ఆర్.ఎన్.ఎ. లును కలవు గాని వాని జోలికి ఇప్పుడు పోను.

పొల్లు పెట్టుటకు సిరా కావలెను. మిథైల్ గుంపులు శరీరమునకు చాలవరకు అన్నము నుండి రావలెను. వానిని అందించు మార్గమున ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను, కోలిను మొదలగునవి చేయి చేయి కలిపి పనిచేయును. ఫోలిక్ ఆమ్లమను పేరు వినగనే తెనుగువానికి భీమవరము స్మృతికి రావలెను. అచ్చట 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తాను నడిపిన బృందముచేత 1945లో ఆ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయించెను. అంతకు ముందే, 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు అచ్చటి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది నయమగుట చూచి, ఇందేదియో పేరులేని పదార్థము కలదని చాటినది. సుబ్బారావు 1948లో కన్నుమూయునాటికి ఆ పదార్థము నెత్తురు పుట్టుటకు కావలెననియే లోకమెరుగును. జన్యువుల మీది గుర్తులకు ముడిసరుకును అదియే చేరవేయునని తెలియుటకు ఇంకను దశాబ్దములు పట్టినది.

ఇచ్చట వంటను గూర్చి యొక్క మాట చెప్పక ముందునకు పోలేను. పాతపాళ్యలోను, ఆ చుట్టుపట్లను రాగిముద్దకు జతగా బస్సారు కాచుదురు. ఆకుకూరను, పప్పునో ఉలవలనో కలిపి యుడికించి, ఆ నీటిని వంచి, ముద్దను తాలింపుపెట్టి, వంచిన నీటిని పారబోయక మసాలా నూరి చారుగా మరిగింతురు. ఫోలిక్ ఆమ్లము నీటిలో కరగిపోవు గుణము గలది. ఆకును ఉడికించి నీరు పారబోసినచో దానిలో చాలభాగము తూములో పోవును. వేడికి కొంత నశించినను, మిగిలినది ఈ వంటలో చారుతో కూడ తిరిగి పళ్లెమునకే వచ్చును. ఈ పద్ధతి కల్పించిన గృహిణికి రసాయనశాస్త్రము తెలియదు. ఆమె పొదుపరి, అంతే.

తల్లి తిండి ఋతువును బట్టి మారుచోట బిడ్డల జన్యుగుర్తులును మారునా యను ప్రశ్నకు పశ్చిమాఫ్రికాలోని గాంబియా పల్లెలు వింతయైన సాక్ష్యమిచ్చినవి. అచ్చట వానకాలమందు ధాన్యము కొరతగను, ఆకుకూరలు సమృద్ధిగను ఉండును; ఎండకాలమున దీనికి తారుమారు. వానకాలమున గర్భమున పడిన శిశువులలో కొన్ని జన్యుస్థానములయందు మిథైల్ గుర్తులు ఎండకాలపు శిశువుల కంటె దట్టముగ నుండుట కనుగొన్నారు. వాననే నమ్ముకొని వేరుసెనగయు రాగియు విత్తు బాగేపల్లి సీమవాసులకు ఈ వార్త పరాయిదిగ తోపదు. హైదరాబాదులో 1977లో వెలసిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున గిరిరాజ్ చందక్ బృందము, ఆంగ్ల శాస్త్రజ్ఞులతోను గాంబియావారితోను కూడి, ఆ దేశపు పిల్లలను, గర్భధారణకు పూర్వమునుండియు తల్లులకు ఆకుకూరలు, పండ్లు, పాలు చేర్చిన పలహారమిచ్చిన ముంబయి పేదవాడల పిల్లలను పోల్చుచు ఈ గుర్తుల జాడనే తీయుచున్నది.

ఇక గర్భమునకును రక్తపోటునకును గల సంబంధము ఎట్లు బయటపడెనో చెప్పవలెను. ఆంగ్లదేశమున హెర్ట్‌ఫర్డ్‌షైర్ మండలమున మంత్రసానులపై తనిఖీ అధికారిణిగ నుండిన ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్, 1911 మొదలు అచ్చట పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుబరువును, ఏడాది నిండిననాటి బరువును దస్తరములలో ఎక్కించు ఏర్పాటు చేసినది. ఆ దస్తరములు ఎవరికిని పట్టక అటకలెక్కినవి. డేవిడ్ బార్కర్ అను వైద్యుడు వానిని వెదకి తీసి, 1911కును 1930కిని నడుమ పుట్టిన 5,654 మంది పురుషుల జీవితములను అనుసరించి చూడగా, పుట్టినప్పుడును ఏడాదికిని తక్కువ బరువు తూగినవారే గుండెజబ్బుతో ఎక్కువగ మరణించిరని 1989లో తేలినది. అదే సంవత్సరమున అతడు, పుట్టుబరువు తగ్గినకొలది పెద్దయైన పిదప రక్తపోటు హెచ్చుననియు ప్రకటించెను. మన కన్నడదేశమున ఇట్టి దస్తరములు మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1934 నుండి కలవు. అందు పుట్టిన 517 మందిని పరీక్షించి 1996లో ప్రకటించిన ఫలితములలో, రెండున్నర కిలోలు మించక పుట్టినవారిలో నూటికి 11 మందికి హృద్రోగముండగా, మూడు కిలోలకు పైబడి తూగినవారిలో అది నూటికి 3కు దిగినది.

బార్కరు మాట పుట్టించిన సంరంభములో కొంత అతిశయమును లేకపోలేదు. చిన్న అధ్యయనములలో పెద్దదిగ కనబడిన పుట్టుబరువు ప్రభావము, వేలమందిని చూచిన అధ్యయనములలో కుంచించుకొనిపోయి, ఒక కిలో భేదమునకు రక్తపోటున ఒక పాదరస మిల్లీమీటరైనను రాదని 2002లో లెక్కించినారు. అయినను బరువు ఒక్కటే కొలత గాదు. 2003లో జర్మనీ వైద్యులు ప్రమాదములలో మరణించినవారి మూత్రపిండములను విప్పి అందలి వడపోత యంత్రములను, అనగా నెఫ్రానులను, లెక్కించిరి. రక్తపోటు గల పదిమందిలో ఒక్కొక్క మూత్రపిండమునకు ఇంచుమించు 7 లక్షలు, రక్తపోటు లేని పదిమందిలో 14 లక్షలు! ఈ నెఫ్రానులు ప్రసవమునకు కొలదివారముల ముందే పూర్తియగును. పిదప ఒక్కటియు పుట్టదు. నీరుగంటికి పుట్టుకతోనే తూములు సగమిచ్చి పంపినట్లయినది.

తల్లి తిండి తగ్గుట ఏ దారిన గుర్తుగ మారునో ఎలుకలు కొంతవరకు చూపినవి. గర్భముతోనున్న ఎలుకకు మాంసకృత్తులు సగము చేసి పెట్టినచో, దాని పిల్లలు పెరిగి రక్తపోటు గలవగును. 2007లో లండను పరిశోధకులు అట్టి పిల్లల అధివృక్క గ్రంథులను పరీక్షింపగా, నాళములను బిగించి ఉప్పును నిలుపు యాంజియోటెన్సిన్ అను రసమునకు ద్వారపాలకుడైన గ్రాహకపు జన్యువు మీద ఉండవలసినన్ని పొల్లులు లేవు. అణగియుండవలసిన అక్షరము బిగ్గరగ పలుకుచున్నది. తిండిలో మాంసకృత్తులు తక్కువగనే యుంచి ఫోలిక్ ఆమ్లము మాత్రము చేర్చిపెట్టిన తల్లుల పిల్లలలో పోటు అంతగా పెరుగలేదని మరియొక బృందము చూపినది. సుబ్బారావు శ్రమ ఇంత దూరము వచ్చునని నే ననుకొనలేదు.

మనుష్యులలో నన్ను మిక్కిలి ఆకర్షించిన కథ అతిమధురముతో కూడినది. దగ్గునకు మన అవ్వలు నమలించు ఆ వేరును నెలల తరబడి మితిమీరి తినినవారికి రక్తపోటు పెరుగునని వైద్యులు చాలకాలముగ నెరుగుదురు. కారణము మూత్రపిండమున దొరకినది. ఉప్పును నిలుపుమని ఆజ్ఞాపించునది ఆల్డోస్టిరాన్ అను రసము. అయితే ఆందోళనలో ఊరు కార్టిసాల్ అను రసమును అదే తాళమునకు సరిపోవు చెవియే, పైగా నెత్తురులో అది వందల రెట్లు అధికము. దానిని తాళము దగ్గరకు రానీయక, చెవి పండ్లు విరిచి పంపునట్టి ఎంజైము ఒకటి ఆ కణములలో కాపలా యున్నది. అతిమధురము ఆ కాపలాదారును నిద్రపుచ్చును. ఇదే ఎంజైమునకు సంబంధించిన జన్యువు నెత్తిన పొల్లులు హెచ్చినను కాపలా సన్నగిల్లును గదా! కారణము తెలియని రక్తపోటు గలవారిలో, ఈ ఎంజైము పని తగ్గిన సూచనలున్నచో, ఆ జన్యువు ఆజ్ఞాస్థానమున మిథైల్ గుర్తులు దట్టముగ నుండుట 2008లో ఇటలీ దేశస్థులు గమనించిరి. చూచినవారి సంఖ్య కొలదియే. ఇదే కాపలాదారు మావిలో నిలిచి తల్లి ఆందోళనను బిడ్డ దరి చేరనీయకుండుననుట గూడ ఇచ్చట చెప్పదగును.

ఉప్పు అందరిని ఒక్కరీతి బాధింపదు. కొందరు ఎంత తినినను పోటు కదలదు, కొందరికి ఒక ఊరగాయ ముక్క చాలును. 2011లో టోక్యో పరిశోధకులు ఎలుకలలో దీని కొక మార్గమును చూపిరి. నరములు అదేపనిగా ఉద్రేకించినప్పుడు మూత్రపిండమున హిస్టోనుల చుట్టలు ఒకచోట వదులగును; వదులైన ఆ సందున ఒక అణచివేయు మాంసకృత్తి దూరి, డబ్ల్యు.ఎన్.కె.4 అను జన్యువు గొంతు నొక్కును. ఉప్పును విడువుమని చెప్పవలసిన ఆ జన్యువు మూగవోవుటచే ఉప్పు నిలిచిపోవును. చుట్ట వదులైనచో జన్యువు పలుకునని పైన నేను సులువుగ చెప్పితిని. ప్రకృతి ఆ సులువును ఇక్కడనే కాదనుచున్నది.

గర్భమునాటి తిండి పెరిగిన పిదప దేహమున ఏమి చేయునో చూచుటకు దగ్గరి పరీక్ష యొకటి మన తెనుగునాట జరిగినది. దానిని గూర్చి మనవారికి తెలిసినది తక్కువ. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపమున 29 గ్రామములను తీసికొని, వానిలో 15 గ్రామముల గర్భిణులకును, చిన్నపిల్లలకును అంగనవాడి ద్వారా అదనపు పోషకాహారమిచ్చిరి. 14 గ్రామములకు ఆ పథకము అప్పటికింకను చేరలేదు. ఈ యత్నమునకు నిలయమైన జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి విచారణగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. బిడ్డలు 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారైన పిదప, 2003–2005లో వారిలో 1,165 మందిని మరల పరీక్షించి, 2008లో ఫలితములు ప్రకటించిరి. ఆహారమందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. వారి ధమనులు మెత్తన. వారి నెత్తురులో ఇన్సులిన్ తన పనిని సులభముగ చేయుచున్నది. రక్తపోటున మాత్రము చెప్పుకోదగిన భేదము కనబడలేదు. దీనిని పరాజయముగ చదువువారితో నేను ఏకీభవింపను. పదునారేండ్ల పిల్లవాని రక్తపోటు ఇంకను పుస్తకములోని మొదటి పుట. ధమని గట్టిపడుట ఆ పుస్తకమునకు అట్ట వంటిది, ముందుగ చేతికి తగులును. పోటు పెరుగుటకు ముందే నాళములు బిరుసెక్కునని చూపిన పరిశోధనలును కలవు.

ఈ సీమ ముసలివారు తమ తాతలనుండి విన్న కరువు ధాత కరువు. 1876లో మొదలై, ధాత, ఈశ్వర సంవత్సరములను మ్రింగిన ఆ క్షామమున మైసూరు సంస్థానము ఎంతగా కృశించెననగా, 1871లో 50 లక్షలు దాటియుండిన జనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు దిగినది. కోలారు మండలము, అనగా నేటి చిక్కబళ్ళాపుర జిల్లాయు చేరిన నాటి సీమ, మిక్కిలి దెబ్బతిన్న ప్రాంతములలో నొకటి. నాటి ఆకలి నేటి మునిమనుమల రక్తపోటున పలుకుచున్నదని వ్రాయుటకు కలము ఉవ్విళ్లూరును. ఉపన్యాసకులు కొందరు అట్లే చెప్పుచున్నారు గూడ. వ్రాయరాదు. ఏలయన బీజకణములు రూపొందునప్పుడు ఒకమారును, పిండము కుదురుకొను తొలిదినములలో మరియొకమారును ఈ పొల్లులలో అధికభాగము తుడిచివేయబడును. పలకను రెండుమార్లు కడిగి క్రొత్తగ వ్రాయుట వంటిది. నాలుగైదు తరముల గుర్తు ఆ కడుగుడును దాటి మనుష్యులలో మిగిలినదని స్థిరపడలేదు.

ఒక్క తరముననైతే సాక్ష్యము గట్టిది. 1944–45 చలికాలమున జర్మనుల దిగ్బంధములో హాలండు పట్టణములు ఆకలితో మాడినవి. ఆ కాలమున కడుపునపడిన వారిని, అదే తల్లికి కరువునకు ముందో వెనుకనో పుట్టిన తోబుట్టువులతో అరువదేండ్ల తరువాత పోల్చగా, శిశువు పెరుగుదలను నడుపు ఐ.జి.ఎఫ్.2 అను జన్యువు మీద వారికి పొల్లులు తక్కువగ నుండెనని 2008లో కనుగొన్నారు. ఇంకొక సంగతి. ఆడపిల్ల గర్భములో నుండగనే ఆమె అండములకు మూలకణము లన్నియు ఏర్పడును. కావున అవ్వ నిండుచూలాలై పస్తున్ననాడు, ఆ పస్తు ఆమె దేహమును, కడుపులోని కూతురిని, ఆ కూతురి కడుపున ముందుముందు పుట్టబోవు మనుమరాలి బీజమును ఒక్కమారే తాకుచున్నది. దీనికి వంశపారంపర్యమని పేరు పెట్టనక్కరలేదు. ముగ్గురును ఒకే యింట, ఒకే దినమున పస్తున్నారు, అంతే.

ఇక తప్పించుకొనరాని ప్రశ్న. రక్తపోటు గలవారిలో గుర్తులు వేరుగ నున్నవనగా, గుర్తు పోటును తెచ్చెనా, పోటే గుర్తును తెచ్చెనా? 2015లో మన దక్షిణాసియావారును చేరిన ఆసియా, ఐరోపా జాతులవారిని మూడులక్షలకు పైబడి పరీక్షించిన బృందము, రక్తపోటు జన్యుస్థానముల చుట్టు మిథైల్ గుర్తులు విశేషముగ గుమిగూడియున్నవని చూపినది. 2017లో 17,010 మంది నెత్తురును చూచినవారు, మరల మరల పరీక్షకు నిలిచిన 13 స్థానములను ఏరి, అవి యన్నియు కలిసి పై అంకెలోని తారతమ్యమునకు నూటికి 1.4 పాళ్లును, క్రింది అంకెకు 2 పాళ్లును కారణము చెప్పగలవని లెక్కించిరి. కొన్నిచోట్ల గుర్తు ముందుగను, కొన్నిచోట్ల పోటే ముందుగను ఉన్నట్లును వారికి తోచినది. ఇందులో మరియొక మెలిక కలదు: వీరు చూచినది నెత్తురులోని తెల్లకణముల గుర్తులను, తీర్పు చెప్పు న్యాయస్థానము మూత్రపిండమున నున్నది. బ్రదికియున్నవాని మూత్రపిండమును కోసిచూడ వీలుపడదు గావున, వీధిలో వినవచ్చిన మాటలను బట్టి ఇంటిలోని జగడమును ఊహించినట్లు పరిశోధన సాగుచున్నది. కొన్ని నెత్తురు క్యాన్సర్లలో పొల్లులను చెరుపు మందులు వాడుకలో నున్నవి గాని, రక్తపోటునకు అట్టి మందు లేదు. అవ్వకు డాక్టరు వ్రాయునది ఆమ్లోడిపిన్ వంటి చవుకయైన మాత్రయే. గుర్తు తల్లి గర్భమున పడినదైనను, నిన్నటి ఊరగాయతో పెరిగినదైనను, ఆ మాత్ర పోటును దించును.

ఈ విషయమును ప్రసంగించునప్పుడు నాకొక భయము కలుగుచుండును. ఆకలి, ఆందోళన, గర్భము అను మాటలు వరుసగ దొర్లినచో వినువాడు చివరకు తల్లినే దోషిగ నిలబెట్టును. ఎలుకకు మాంసకృత్తులు తగ్గించినది ఎలుక గాదు. ఎండిన బోరుబావి క్రింద వేరుసెనగ పోగొట్టుకొని, బెంగళూరు కట్టడముల వద్ద ఇటుకలు మోయుటకు పోయి, తగరపు గుడిసెలో నెలలు నిండిన ఆడుది తన తిండిని తాను ఎన్నుకొన్నదా?

పాతపాళ్యవైపు నేను చూచిన యొక యింట అవ్వ పుట్టిననాడు ఆమెను తూచినవారు లేరు. మంత్రసాని బొడ్డు కోసి, చేటలో పరుండబెట్టి, వాననాడు పుట్టినదని మాత్రము చెప్పిపోయినదట. అవ్వ కొడుకును తూచినవారు లేరు. మనుమరాలి చేతిలో నిప్పుడు కర్ణాటకమున తాయి కార్డు అని వ్యవహరించు చిన్న పుస్తకము కలదు. అందు నెలనెలయు ఆమె బరువు, రక్తపోటు, మ్రింగిన ఎర్రమాత్రల లెక్క, చివరి పుటయందు బిడ్డ పుట్టుబరువు: 2 కిలోల 900 గ్రాములు. ఆ యింట ఒకరి పుట్టుబరువు కాగితమెక్కుట అదియే మొదలు. అంకెలన్నియు కన్నడ లిపిలో నుండుటచేతనో, కన్నులు కానకపోవుటచేతనో, అవ్వ దానిని అటునిటు త్రిప్పి, “ఎంతుందే పాపా?” అని అడిగి తెలిసికొని, రేషను కార్డుతో కలిపి మడిచి, తన బి.పి. మాత్రల డబ్బాలో పెట్టి మూత వేసినది.